పెంటయ్య తాత పేరు వెనక కథ

నరసరావుపేట బస్టాండులో పిడుగురాళ్ళ బస్సెక్కి కిటికీ పక్కన సీటు పట్టుకున్నాను. బస్సు ఇంకా కదల్లేదు, ఈలోపే ఫోన్ మోగింది. మాచర్ల నుంచి అక్క.

"ఒరేయ్, అమ్మమ్మని తీసుకుని రేపు పొద్దున్నే వచ్చెయ్. రేపు బుధవారం. మీ బావకి నువ్వే చెప్పాలి, నా మాట వినట్లేదు."

విషయం ఏంటంటే, అక్క కొడుక్కి 14 నెలలు. తొమ్మిది నెలలు నిండగానే వేయించాల్సిన తట్టు టీకా, అదే ఎంఆర్ టీకా, ఇంకా వేయించలేదు. మూడున్నర నెలలప్పుడు ఇంకో టీకా వేయిస్తే పిల్లాడికి రాత్రంతా ఒళ్ళు కాలిపోయింది. ఆ రాత్రి బావ కన్ను మూయలేదు. తర్వాత ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. అంతే. "పిల్లాడు బంగారంలా ఉన్నాడు. లేని రోగానికి సూది దేనికి?" అని కూర్చున్నాడు.

బావ చదువుకోనివాడేం కాదు, బీటెక్ చేశాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

బస్సు కదిలింది. నరసరావుపేట ఇప్పుడు జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా పుట్టింది కదా. ఊరు దాటితే మిరప చేలు, పత్తి చేలు. పిడుగురాళ్ళ దగ్గరపడే కొద్దీ సున్నపు బట్టీల దుమ్ము పడి రోడ్డు పక్క చెట్లు ముసలివాళ్ళలా తెల్లబడి కనిపిస్తాయి. అక్కడ బస్సు మారి గురజాల వెళ్ళాలి. గురజాలకి నాలుగు కిలోమీటర్ల అవతల మా అమ్మమ్మ వాళ్ళ ఊరు.

ఈ దారిలో నేను చిన్నప్పటి నుంచీ తిరుగుతూనే ఉన్నాను. కానీ పల్నాడంటే పౌరుషం, కోడిపందెం, యుద్ధం అని తప్ప ఇంకోలా ఆలోచించింది లేదు. ఈసారి ఇక్కడ ఇంకో యుద్ధం కూడా జరిగిందని తెలిసింది. ఆ యుద్ధంలో పోయినవాళ్ళకి వీరగల్లులు లేవు. చాలామందికి పేర్లు కూడా లేవు.

చేటలో పిల్లాడు

అమ్మమ్మ బట్టల సంచీ సర్దుకుంటోంది. ట్రంకు పెట్టెలో అడుగున పాత కాగితాలు బయటపడ్డాయి. అందులో వాళ్ళ అన్నయ్య పొలం కాగితం ఒకటి. దాని మీద పేరు: పెంటయ్య.

చిన్నప్పుడు ఆ పేరు విని మేం పిల్లలమంతా పగలబడి నవ్వేవాళ్ళం. తాత కూడా మాతో నవ్వేవాడు. ఆయన ముఖం నిండా చిన్న చిన్న గుంటలు ఉండేవి. అవేంటని ఎప్పుడూ అడగలేదు.

"ఎవరే అమ్మమ్మా ఇంత అందమైన పేరు పెట్టింది?" అన్నాను.

"నవ్వమాక అబ్బాయ్. ఆ పేరు పెట్టబట్టే మా అన్న బతికాడని మా అమ్మ నమ్మకం."

అప్పుడు చెప్పింది. అమ్మమ్మకి ఇప్పుడు 84. పెంటయ్య తాత ఆమె కంటే ఆరేళ్ళు పెద్ద. ఆయనకి ముందు ఇద్దరు పుట్టారు. ఒకరు ఆడపిల్ల, ఒకరు మగపిల్లాడు. ఒకే నెలలో ఇద్దరికీ అమ్మవారు పోసింది. ఒకరి వెనక ఒకరు పోయారు. మగపిల్లాడికి ఇంకా పేరు కూడా పెట్టలేదు.

మూడోవాడు పుట్టగానే మంత్రసాని ఏం చేసిందంటే, పిల్లాణ్ణి చేటలో పడుకోబెట్టి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటావిడ వచ్చి, "ఈ పిల్లాణ్ణి ఎవరో పారేశారు, నేను తీసుకుంటున్నా" అని ఎత్తుకుంది. తర్వాత మా ముత్తవ్వ ఆవిడకి సోలెడు తవుడిచ్చి సొంత బిడ్డని కొనుక్కుంది. ముక్కు కుట్టించింది. పెంటయ్య అని పేరు పెట్టింది. ఎందుకంటే, మంచి పిల్లాడని తెలిస్తే చావు వచ్చి పట్టుకుపోతుంది. చెత్తలో దొరికినవాడని తెలిస్తే వదిలేస్తుంది. చావునే మోసం చేయడానికి ఆ తల్లి పన్నిన ఉపాయం అది.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. మీ ఊళ్ళో ముసలివాళ్ళ పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. పెంటయ్య, పెంటమ్మ, కుప్పయ్య, తవిటయ్య, బిక్షమయ్య. కుప్పలో దొరికినవాడు, తవుడికి కొన్నవాడు, బిచ్చమెత్తి దక్కించుకున్నవాడు. ఇలాంటి పేరు ఉన్న చాలా ఇళ్ళల్లో, ఆ పేరుకి ముందు ఒక చిన్న సమాధో రెండు సమాధులో ఉంటాయి. మనం కామెడీ అనుకున్న పేర్లు నిజానికి మన ఊళ్ళ మరణాల రిజిస్టర్.

మన ఒక్క దేశం సంగతే ఇది అనుకుంటే పొరపాటు. 1900లో ఇంగ్లండులో, అంటే మనల్ని పాలిస్తున్న దేశంలో, వెయ్యి మంది పుడితే 150 మందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవాళ్ళు. తట్టు, కోరింత దగ్గు, గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనివ్వని డిఫ్తీరియా, నీళ్ళ విరేచనాలు అక్కడా పిల్లల్ని ఎత్తుకుపోయేవి. మన దగ్గర కాగితాల మీదకి ఎక్కిన లెక్కే వెయ్యికి 200 దాకా ఉండేది. గ్రామ మునసబు పుస్తకంలోకి ఎక్కనివాళ్ళు ఎంతమందో! మా ముత్తవ్వ కొడుకులాంటి పేరులేని పిల్లాణ్ణి ఏ పేరుతో రాస్తారు?

గురజాల డాక్టరు, రెంటచింతల ఎండ

గురజాలలో ఆటో మాట్లాడుకున్నాం. అమ్మమ్మకి కారంపూడి అంకాళమ్మ దగ్గర మొక్కు ఉంది. ముందు అక్కడికి, రాత్రికి మాచర్ల. ఆటో కోసం నిలబడ్డ చోట నేను ఫోన్‌లో గురజాల చరిత్ర చూస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్. జర్మనీలో పుట్టి, అమెరికా వెళ్ళి, 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ. మధ్యలో అమెరికా తిరిగి వెళ్ళినప్పుడు, యాభై దాటిన వయసులో వైద్యం చదివి డాక్టరయ్యాడు. తర్వాత పల్నాడు వచ్చి గురజాల కేంద్రంగా పనిచేశాడు. మత ప్రచారానికి వచ్చిన మనిషికి ఆ వయసులో వైద్యం దేనికి అనిపిస్తుంది. ఈ ఊళ్ళల్లో తిరిగితే సమాధానం తెలుస్తుంది. ఎంత మంచి మాటలు చెప్పినా, పక్కన పిల్లాడు జ్వరంతో మూలుగుతుంటే తల్లికి వినపడవు.

అదే మిషన్ తరఫున 1883లో డాక్టర్ ఆనా కుగ్లర్ అనే ఆవిడ గుంటూరు వచ్చింది. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆవిడ మొదలుపెట్టిన ఆస్పత్రి 1898లో తెరుచుకుంది. ఇప్పటికీ గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి అంటే ఎవరైనా చూపిస్తారు. కానీ గురజాల నుంచి గుంటూరుకి ఎడ్లబండి మీద పోవాలంటే రోజులు పట్టేది. జ్వరం అన్ని రోజులు ఆగదు.

కాబట్టి రోగం వచ్చాక పరిగెత్తడం కాదు, రాకముందే ఆపాలి. దానికి అప్పట్లో గట్టిగా పనిచేసే ఆయుధం ఒకటే, మశూచి టీకా. 1899లో మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. దూడల చర్మం మీద పెంచి తీసిన టీకా మందు అక్కడ తయారయ్యేది. అక్కడి నుంచి జిల్లాలకి రైళ్ళలో, బళ్ళ మీద, చివరికి కాలినడకన చేరాలి.

మరి మందు ఎండకి చచ్చుబడిపోతుంది. ఇక్కడే మన రెంటచింతల గుర్తు చేసుకోవాలి. గురజాలకి పక్కనే ఉంటుంది. వేసవిలో టీవీ వార్తల్లో "రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత" అనగానే వినపడే పేరు. ఫ్రిజ్ లేని రోజుల్లో, అలాంటి చోటికి వచ్చేసరికి మందులో ప్రాణం మిగలాలంటే ఎంత కష్టమో ఊహించండి. టీకా వేసినా పట్టకపోతే జనం ఏమనుకుంటారు? "చూశావా, సూది వేయించుకున్నా అమ్మవారు పోసింది" అనుకుంటారు. నమ్మకం పోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఈ ముడి విప్పింది ఇంగ్లండులో లిస్టర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త లెస్లీ కోలియర్. 1950లలో ఆయన టీకా మందుని గడ్డకట్టించి, తేమంతా లాగేసి పొడి చేసే పద్ధతిని గాడిన పెట్టాడు. ఆ పొడి వేడిలో కూడా నెలల తరబడి చెడిపోదు. వేసేముందు కలుపుకుంటే చాలు. తర్వాత రెండు ముళ్ళున్న చిన్న సూది వచ్చింది. మందులో ముంచి భుజం మీద పదిహేనుసార్లు పొడిస్తే టీకా అయిపోయినట్టే. మన దేశంలో 1962లో మొదలైన మశూచి నిర్మూలన కార్యక్రమం గట్టెక్కడానికి ఈ రెండూ ఊతమయ్యాయి. 1975లో మన దేశంలో చివరి కేసు. 1980లో ప్రపంచంలోనే మశూచి లేదని ప్రకటన.

"మరి నీకు టీకా ఎప్పుడు వేశారు అమ్మమ్మా?" అని అడిగాను ఆటోలో.

"టీకాలాయన వచ్చాడంటే ఊరు ఊరంతా పిల్లల్ని దాచేది. నన్ను అటక మీదకి ఎక్కించారు. మా అమ్మ ఒక్కతే వద్దంది. కిందకి దించి, చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్ళింది. ఇద్దర్ని పోగొట్టుకుంది కదయ్యా."

చీర కొంగు తొలగించి చూపించింది. ఎడమ భుజం మీద రూపాయి బిళ్ళంత మచ్చలు రెండు.

పెంటయ్య తాతకి టీకా అందలేదు. ఆయనకి ఐదేళ్ళప్పుడు మళ్ళీ అమ్మవారు పోసింది. పేరే కాపాడిందో, అదృష్టమే కాపాడిందో, గుంటలు పడ్డ ముఖంతో బయటపడ్డాడు.

పొలిమేర దాటితే పోయిందా?

కారంపూడిలో నాగులేరు పక్కన వీర్ల గుడి. కార్తీక అమావాస్యకి ఇక్కడ ఐదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. మేం వెళ్ళిన రోజు జనం లేరు. అంకాళమ్మకి అమ్మమ్మ కొబ్బరికాయ కొట్టింది. అక్క కొడుక్కి ఆ రాత్రి జ్వరం వచ్చినప్పుడు మొక్కిన మొక్కు అది.

గుడి బయట అరుగు మీద కూర్చుని పాత రోజుల సంగతి ఇంకా చెప్పింది. ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. తాలింపు పెట్టేవాళ్ళు కాదు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు బయటికి పోకూడదు. తగ్గాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోసేవాళ్ళు.

వింటుంటే నాకు కరోనా రోజులు గుర్తొచ్చాయి. గుమ్మానికి కట్టిన వేపమండ అంటే "ఈ ఇంట్లోకి రావద్దు" అని బోర్డు పెట్టినట్టే కదా! మన పెద్దవాళ్ళు సూక్ష్మక్రిముల పేర్లు తెలియకపోయినా అంటురోగం నడిచే తీరు గమనించారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడక్కర్లేదు.

కానీ తర్వాత ఇంకో మాట చెప్పింది. రోగం ఊరంతా పాకితే, జాతర చేసి, అమ్మవారిని ఊరి పొలిమేర దాకా సాగనంపేవాళ్ళు. పోలేరమ్మ అంటే పొలిమేర అమ్మ అని చెప్తుంటారు కదా. మన పొలిమేర దాటించేస్తే మనకి పీడ పోయినట్టు.

"మరి పొలిమేర అవతల ఊరోళ్ళ సంగతి?" అన్నాను.

"వాళ్ళు మళ్ళీ వాళ్ళ పొలిమేర దాటించుకునేవాళ్ళు. తిరిగి తిరిగి మా ఊరికే వచ్చేది." బోసి నోటితో నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు.

అదీ అసలు సంగతి. వేపమండ ఒక ఇంటిని కాపాడొచ్చు. పొలిమేర మాత్రం ఏ ఊరినీ కాపాడలేదు. తట్టు సంగతే తీసుకోండి. టీకా లేని జనంలో ఒక్క పిల్లాడికి తట్టు వస్తే వాడి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. ఊళ్ళో నూటికి 95 మందికి రెండు డోసులూ పడితేనే అది నిలవడానికి చోటు దొరకదు. ఆ మిగతా ఐదుగురిలో ఇంకా తొమ్మిది నెలలు నిండని పసిపిల్లలు, వేరే జబ్బుల వల్ల టీకా వేయకూడని పిల్లలు ఉంటారు. వాళ్ళని కాపాడేది చుట్టూ ఉన్న మన పిల్లల భుజాలే.

కారంపూడిలో కూర్చుని ఇదంతా ఆలోచిస్తుంటే చాపకూడు గుర్తురాకుండా ఎలా ఉంటుంది? బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడని ఈ నేల చెప్పుకునే కథ. ఇక్కడి ఉత్సవాల్లో మందపోరు రోజు ఇప్పటికీ చాపకూడు ఉంటుంది. టీకా కూడా అలాంటిదే అనిపించింది. "నేను మా ఇంట్లో తింటాలే" అని ఒక్కొక్కరే లేచిపోతే చాప ఖాళీ అయిపోతుంది.

బావ భయం

మాచర్ల చేరేసరికి చీకటి పడింది. భోజనాలయ్యాక నేను ఫోన్ తీసి బావకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. బావ కూడా ఫోన్ తీసి ఆ వీడియో పెట్టాడు. మా ఇద్దరి గొంతులూ లేచాయి.

బీటెక్ చేసినవాడికి ఇంత భయమా అని అప్పుడు నాకు కోపం వచ్చింది. కానీ చరిత్ర చూస్తే ఇది బావతో మొదలైంది కాదు. టీకా పుట్టింది ఇంగ్లండులో. 1853లో అక్కడ పసిపిల్లలకి టీకా తప్పనిసరి చేశారు. 1885లో లెస్టర్ పట్టణంలో దానికి వ్యతిరేకంగా వేలమంది వీధుల్లోకి వచ్చి ఊరేగింపు తీశారు. చివరికి 1898లో, ఇష్టం లేని తల్లిదండ్రులకి మినహాయింపు ఇస్తూ చట్టం మార్చాల్సి వచ్చింది. వాళ్ళంతా చదువులేనివాళ్ళు కాదు. చేతిలో ఉన్న పిల్లాడు ఆరోగ్యంగా ఉన్నాడు. రోగం ఎక్కడో ఉంది. సూది మాత్రం కళ్ళెదుట ఉంది. ఏ తండ్రికైనా కళ్ళెదుట ఉన్నదే భయం.

అక్కడ పరిస్థితి మారింది కూడా ఒక్క చట్టంతో కాదు. ఏ ఇంట్లో అంటురోగం వచ్చినా డాక్టరు ఊరి ఆరోగ్యాధికారికి తెలియజేయాలన్న 1889 నాటి చట్టం, పుట్టిన ప్రతి బిడ్డనీ వెంటనే లెక్కలోకి తేవాలన్న 1907 నాటి చట్టం, ఇంటింటికీ తిరిగి తల్లులతో మాట్లాడిన ఆరోగ్య కార్యకర్తలు, మంచి నీళ్ళు, కల్తీలేని పాలు. ఇలా పుస్తకంలో పేరు రాయడం, ఇంటి తలుపు తట్టడం లాంటి చిన్న చిన్న పనులే ఏళ్ళ తరబడి చేస్తే మార్పు వచ్చింది.

మా వాదన సాగుతుంటే అమ్మమ్మ పిల్లాణ్ణి ఒళ్ళో జోకొడుతోంది. తల ఎత్తకుండానే అంది.

"నువ్వా రాత్రి పడ్డ భయం నిజమే నాయనా. మా అమ్మ కూడా అట్టాంటి రాత్రుళ్ళు పడింది. నీకు తెల్లారింది. మా అమ్మకి తెల్లారలేదు. అంతే తేడా."

బావ ఏమీ మాట్లాడలేదు. వీడియో ఆపేశాడు. కాసేపయ్యాక, "రేపు ఎన్ని గంటలకి వేస్తారు?" అని అక్కని అడిగాడు.

పేరు చెప్పండి

బుధవారం పొద్దున అంగన్‌వాడీ దగ్గర పది మంది తల్లులున్నారు. నర్సమ్మ నీలం డబ్బా మూత తీసింది. లోపల ఐసు ప్యాకులు, వాటి మధ్య చిన్న సీసాలు. సీసా మీద ఉన్న చిన్న చదరపు గుర్తుని బావకి చూపించింది. మందుకి వేడి ఎక్కువ తగిలితే ఆ చదరం రంగు మారుతుంది, అప్పుడు ఆ సీసా వాడరు. ఇంకో సీసాలో తెల్లని పొడి. దానిలో నీళ్ళ మందు కలిపింది. కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలట. ఒకప్పుడు ఈ ఎండని గెలవడానికి కనిపెట్టిన పొడి పద్ధతే ఇప్పుడు మా పిల్లాడి తట్టు టీకాలో ఉంది.

"ఆలస్యమైందమ్మా, పర్లేదు. ఇప్పుడు వేసుకున్నా పనిచేస్తుంది. రెండో డోసుకి మాత్రం మర్చిపోవద్దు," అంది. జ్వరం రావచ్చని, వస్తే ఏం చేయాలో, ఏది కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకురావాలో బావకే వివరంగా చెప్పింది. మొదటిసారి కూడా ఎవరైనా ఇలా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఆ వీడియోకి మా ఇంట్లో చోటు దొరికేది కాదేమో.

పిల్లాడు కెవ్వుమన్నాడు. విటమిన్-ఎ మందు చెంచాతో నోట్లో పడగానే చప్పరిస్తూ ఏడుపు మర్చిపోయాడు. అరగంట కూర్చోమన్నారు.

నర్సమ్మ రిజిస్టర్ తెరిచి, పెన్ను పట్టుకుని అడిగింది. "పిల్లాడి పేరు చెప్పండి."

అక్క చెప్పింది. అక్కకి నాలుగో నెల ఉన్నప్పుడే ఇద్దరూ ఫోన్‌లో యాప్ పెట్టుకుని, వందల పేర్లు చూసి, పోట్లాడుకుని ఖాయం చేసుకున్న పేరు అది. పుట్టకముందే పేరు వెతుక్కోవడం మనకి మామూలు సరదా. మా ముత్తవ్వకి మాత్రం అంత ధైర్యం లేదు. బిడ్డ బతుకుతాడో లేదో చూసి, బతకడానికి వీలుగా ఒక చెత్త పేరు పెట్టుకుంది. ఆ రెండు పేర్ల మధ్య నడిచొచ్చిన దూరమే ఈ నూరేళ్ళ చరిత్ర.

అమ్మమ్మ వంగి రిజిస్టర్‌లోకి చూసింది. ఆమెకి చదవడం రాదు.

"రాసుకుందా?" అని నన్ను అడిగింది.

"రాసుకుంది అమ్మమ్మా."

"సరిగ్గా రాసిందో లేదో చూడు," అంది. నేను లేచి వెళ్ళి చూశాను. సరిగ్గానే రాసింది.